ఎడమ సీటు నాది

మా తమ్ముడు సింహాద్రి నన్ను అడక్కుండా చేసిన పనులన్నీ నాకు వరసగా గుర్తున్నాయి. అవన్నీ రాస్తే ఈ అధ్యాయం వాటితోనే నిండిపోతుంది కాబట్టి ఈ ఒక్కటే చెబుతాను. వాడు విజయనగరంలో ఉంటాడు. నేను రాజాం దగ్గర మా ఊళ్లోనే ఉంటాను. ఆమధ్య ఒకరోజు ఊరికే చూసిపోదామని వచ్చినట్టు వచ్చి, నేను వంటింట్లో ఉండగా పెరట్లోకి వెళ్లి, పశువులశాలలో రాళ్ల మీద నిలబెట్టి ఉన్న తాత కారుకి ఫోనుతో ఫొటోలు తీసుకుపోయాడు. సాలెగూళ్లతో సహా, కోడి గుడ్లు పెట్టుకున్న గడ్డితో సహా తీశాడు. వాటిని నలుగురూ చూసేచోట పెట్టి, కింద ఇలా రాశాడు: "పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. రెండు సీట్లు. నడవదు. ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడును. బాగు చేసుకునే ఓపిక ఉన్నవారు మాత్రమే రావలెను." ఓపిక గురించి వాడు రాయడం! అన్నం వార్చేదాకా ఆగలేక కంచం ముందు కూర్చుని చెంబు వాయించేవాడు.

విశాఖపట్నం నుంచి ఒక కుర్రాడు వచ్చేదాకా నాకీ సంగతి తెలియదు. పెళ్లయిందో లేదో తెలియని వయసు, నల్ల చొక్కా, చేతిలో టార్చిలైటు. పేడవాసన ఉన్న నేల మీద ఏమాత్రం సంకోచించకుండా వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరిపోయాడు. అది చూసి వాడి మీద కాస్త మంచి అభిప్రాయం కలిగింది. బయటికి వచ్చి, దుమ్ము దులుపుకోకుండానే ముందు రేకు మీద చెయ్యి పెట్టి అడిగాడు.

"మేడమ్, ఈ గుండ్రటి మచ్చ ఏంటండీ?"

"టీ గ్లాసు."

"తుడిస్తే పోలేదాండీ?"

"తుడవలేదు" అన్నాను.

ఆ మచ్చ సంగతి చెప్పాలంటే మా తాత దగ్గర మొదలుపెట్టాలి. తాత ఒక చిన్న జమీందారీ దివాణంలో డ్రైవరుగా ఉండేవాడు. అక్కడి చినబాబుగారు మోజుపడి తెప్పించుకున్న కారు అది. నేలకి అంటుకున్నట్టు ఉండేది, పైన కప్పు లేదు, కూర్చోవడానికి ఇద్దరికే చోటు. జమీందారీలు పోయాక చినబాబుగారు మద్రాసు వెళ్లిపోతూ, "నీ మాట తప్ప ఎవరి మాటా వినదు, నువ్వే ఉంచుకో" అని తాళంచెవి తాత చేతిలో పెట్టారట. మా ఇంట్లో అప్పటికి సైకిలు కూడా లేదు. ఎడ్లబండి తరవాత మెట్టు నేరుగా అదే. ఊళ్లో వాళ్లు దాన్ని కారు అనేవారు కాదు, "మీ ఎర్రది" అనేవారు, ఆవును అన్నట్టు. అందుకు తగ్గట్టే దాన్ని కట్టిన చోటు కూడా పశువులశాలే.

నాకు ఊహ తెలిసేసరికి ఆ శాలలో వాసనలన్నీ కలిసిపోయి ఉండేవి. ఎండుగడ్డి, పేడ, పెట్రోలు, వీటి మీదుగా మా మామ్మ చుట్ట పొగ. మా వైపు ముసలమ్మలు చాలామంది తాగినట్టే మామ్మ కూడా అడ్డపొగ తాగేది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. పొద్దున్నే ఆవుల దగ్గర పని కాగానే శాల గడప మీద కూర్చుని చుట్ట ముట్టించేది. తాత చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి, భుజాన గుడ్డ వేసుకుని వచ్చి, కిరసనాయిలు తడిపిన గుడ్డతో కారుని ముందు నుంచి వెనక్కి తుడిచేవాడు. ఆవుని కడిగేటప్పుడు మాట్లాడినట్టే దానితోనూ మాట్లాడేవాడు. ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా, ఎవరు అన్నం మానేసినా, ఆ తుడవడం మాత్రం ఆగేది కాదు.

అప్పుడప్పుడు, పెట్రోలు దొరికి తాతకి మనసైతే, కారు రాజాం దాకా వెళ్లేది. స్టీరింగు దగ్గర కుడిసీటు తాతది. మిగిలింది ఎడమ సీటు ఒక్కటే. ఆ సీటులో మా నాన్న కూర్చున్నాడు. మా అమ్మ కూర్చుంది. మామ్మ కూర్చుని, చుట్ట తాగుతూనే వెళ్లి తాగుతూనే వచ్చింది. నిప్పు నోట్లో ఉంది కాబట్టి అంత గాలికీ ఒక్క రవ్వ ఎగరలేదని ఊరంతా చెప్పుకున్నారు. మా పక్కింటివాళ్ల చుట్టం, పేరు కూడా తెలియని మనిషి, కాలు బెణికిందని కూర్చుంది. సింహాద్రికి చెవిపోటు వస్తే డాక్టరు దగ్గరకని వాణ్ణి కూర్చోబెట్టారు. నేను గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. కారు కదిలేముందు వాడు నా వైపు తిరిగి నాలుక బయటపెట్టాడు. చెవిలో పోటు ఉన్నవాడికి నాలుక మాత్రం బాగానే పనిచేసింది. నాకు చెవులు నొప్పి పుట్టలేదు, కాళ్లు బెణకలేదు. ఆరోగ్యంగా ఉండడమే నా నేరం.

"కోతలైపోనీ గుంటా, సంతకి నిన్నే తీసుకెల్తాను" అన్నాడు తాత. మా వైపు ఆడపిల్లని గుంట అనే పిలుస్తారు. కోతలు కాకముందే కారు ఒక ఉదయం పెద్దగా దగ్గి ఆగిపోయింది. లోపల ఏదో విరిగింది. ఆ భాగం ఇంగ్లండులో తప్ప దొరకదన్నారు. తరవాత టైర్లు పోయాయి. చక్రాల కింద రాళ్లు పెట్టారు. కోళ్లు వచ్చి చేరాయి. తాత తుడవడం మానలేదు గానీ తుడిచేటప్పుడు మాటలు తగ్గిపోయాయి. నేను మాత్రం రోజూ అడిగేదాన్ని, నా వంతు ఎప్పుడని. నడవని కారులో వంతులేమిటని అందరూ నవ్వేవారు. వంతు వంతే.

అలాంటప్పుడు ఖరగ్‌పూర్ ఇంజినీరుగారు వచ్చారు. తెలుగాయనే. రైల్వే వర్క్‌షాపులో పెద్ద ఉద్యోగం. భార్యకి పొందూరు బట్ట కొందామని వచ్చి, అక్కడ ఎవరో చెప్పగా మా ఎర్రదాన్ని వెతుక్కుంటూ మా ఊరు చేరాడు. తెల్ల ప్యాంటు, దానికి తగ్గ బూట్లు. శాలలోకి రాగానే గుడికి వచ్చినవాడిలా మాట తగ్గించేశాడు. చాలాసేపు చుట్టూ తిరిగి, చిరిగిపోయిన తోలుసీట్లని చేత్తో నిమిరి, తాత వైపు తిరిగాడు.

"పాతవాటిని బాగుచేయడం నా సరదా అండీ. దీని ఇంజను విప్పి, లేని భాగాలు నేనే చేయించి నడిపిస్తాను. నాకు అమ్ముతారా?"

తాత అసలు మాట ఒక్కటే పట్టుకున్నాడు. "నడుత్తాదేటి బాబూ?"

"నడుస్తుంది. నడిచాక ఒకసారి మీ గుమ్మంలోకి నడుపుకొస్తాను, సరేనా?"

"అయితే అట్టుకెల్లండి. కానీ మీరు తెచ్చినరోజున ఎడమ సీటు మా గుంటది. ముందే సెప్పీసినాను."

ఇంజినీరుగారు నవ్వి నా తల మీద చెయ్యి వేశాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఒక్క మాటండీ. వానలు తగ్గాక లారీ తెస్తాను. ఈలోపు ఎలా ఉన్నది అలాగే ఉంచండి. ఏమీ చెయ్యకండి. మీరు శ్రమపడొద్దు" అన్నాడు.

ఈ చివరి మాటే మా కొంప ముంచింది. ఆయన ఎందుకు అన్నాడో చెప్పలేదు. మా ఇంట్లో 'శ్రమపడొద్దు' అనే మాటకి ఒకటే అర్థం ఉండేది. ఆ పూట అన్నాల దగ్గర మామ్మ మొదలుపెట్టింది.

"ఏటి, అలగే ఇచ్చీస్తావా?"

"అలగే ఇమ్మన్నాడు కదే."

"అనడేటి మరి? పెద్దమనిసి. 'ఏటీ వొద్దమ్మా, సిరమపడకండి' అన్న సుట్టాన్ని నువ్వెప్పుడైనా ఏటీ ఎట్టకుండా పంపీసినావా?"

తాత ముద్ద కలపడం ఆపాడు.

"మొన్న సంతకి ఎద్దుని తోలినప్పుడు కొమ్ములు సెక్కించినావు. నూనె రాసినావు. గంటలు కట్టినావు. ఎద్దుపాటి సెయ్యదేటి, రాజుగారి కారు? కోడిరెట్టతో పంపితే కరగపూర్లో మనకేటి మర్యాద?"

ఇంట్లోంచి బయటికి వెళ్లే ఏ ప్రాణినీ కడగకుండా, బొట్టు పెట్టకుండా పంపిన ఇల్లు కాదు మాది. మర్నాటి నుంచి శాలలో పెళ్లిసందడి మొదలైంది. రాజాంలో బస్సులకీ ఎడ్లబళ్లకీ రంగులు వేసే పెయింటరుని పిలిపించారు. ఎరుపు వెలిసిపోయి ఇటుకపొడిలా ఉందని, కంటికి చల్లగా ఉంటుందని ఆకుపచ్చ వేయించారు. అంచులకి పసుపుగీత. రెండు తలుపుల మీదా రెండు తామరపూలు. ఆ వాన ముసురులో రంగు ఎంతకీ ఆరదు. ఇంటిల్లిపాదీ విసనకర్రలు పట్టుకుని కారుకి విసిరాం. నాకు వెనక చక్రం వైపు ఇచ్చారు. ముందుభాగం సింహాద్రికి.

ఇక సీట్లు. తోలు పగిలి, లోపల ఎలకలు కాపురం పెట్టాయి. మామ్మ వాటిని పీకించేసి, బూరుగుదూది కూరి, ఇంట్లో దాచుకున్న పొందూరు బట్టతో తన చేత్తో గలీబులు కుట్టింది. చేతికి ఎంతో మెత్తగా ఉండేవి. పీకిన తోలుని పారెయ్యడం మామ్మకి చేతకాదు. చెప్పులు కుట్టే అతన్ని పిలిచి, నానబెట్టించి, పగుళ్లు లేని చోట్లు చూసి కోయించింది. తాతకి ఒక జత. నాన్నకి ఒక జత. సింహాద్రికి బుల్లి జత. పుట్టి బుద్ధెరిగాక చెప్పులు తొడగని మామ్మకి కూడా ఒక జత. అమ్మ దగ్గరకీ నా దగ్గరకీ వచ్చేసరికి తోలు అయిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. నేను అడిగాను.

"నీకు కారే వస్తాది కదే, సెప్పులేల?" అంది మామ్మ. ఈ ఒక్క మాటతో నేను నోరు మూసుకున్నాను. ఆ మాటని నమ్మాను.

ముసురు పూర్తిగా విడవకముందే ఇంజినీరుగారు లారీతో వచ్చేశాడు. ఆరోజు కారుకి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు రేకు మీద పసుపూ కుంకుమా. మేమంతా ఉతికిన బట్టలు కట్టుకుని వరసగా నిలబడ్డాం. ఆయన శాల గడప దాటాడు. ఆగిపోయాడు. సంతోషం పట్టలేక మాట రావడం లేదనుకుని తాత చేతులు నలుపుకుంటూ నవ్వుతున్నాడు. ఆయన నెమ్మదిగా తలుపు తీసి లోపలికి వంగాడు.

"సీట్లేవండీ?"

సింహాద్రి ముందుకొచ్చి కాలు పైకెత్తి చూపించాడు. "ఇయ్యే!"

ఆయన వాడి కాలి వైపు చూశాడు. తరవాత తాత కాళ్లు. నాన్న కాళ్లు. మామ్మ కాళ్లు. చివరికి నా కాళ్ల దగ్గరకి వచ్చాడు. అవి బోసిగా ఉన్నాయి. ఆ వరసలో ఆయన సీట్లని తొక్కకుండా నిలబడ్డది మా అమ్మా నేనూ మాత్రమే. ఆ సంగతి ఆయన గుర్తించలేదు, ఇన్నేళ్లలో మా ఇంట్లో కూడా ఎవరూ గుర్తించలేదు. ఈలోగా అమ్మ టీ తెచ్చి ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు. ఒక్క గుక్క తాగలేదు. అలాగే కారు ముందు రేకు మీద పెట్టేసి, "నేను అడిగింది దీన్ని కాదండి" అన్నాడు. తిట్టలేదు, కేకలు వెయ్యలేదు. వెళ్లిపోయాడు. తాత ఆ కొత్తచెప్పులు టపటపలాడించుకుంటూ లారీ వెనక వీధి చివరిదాకా పరిగెత్తాడు. "బాబూ, గీకించీస్తాం బాబూ! రంగు గీకించీస్తాం!" ఆ అరుపు నాకు ఇంకా వినిపిస్తుంది. లారీ ఆగలేదు.

అమ్మ వచ్చి గ్లాసు తియ్యబోతే రాలేదు. ఆరీ ఆరని రంగులో దిగబడిపోయింది. లాగితే ఊడొచ్చి, చుట్టూ గుండ్రటి గాడి మిగిలింది. మామ్మ గుడ్డ తీసుకుని వస్తే, వీధిలోంచి తిరిగొచ్చిన తాత అడ్డుపడ్డాడు. "ఒగ్గీయండి. ఈసారైనా ఎలగున్నాది అలగే ఒగ్గీయండి."

ఇంజినీరుగారి మీద నా ఫిర్యాదు ఇప్పటికీ అదే. చదువుకున్న మనిషి కదా. వద్దు అన్నవాడు ఎందుకు వద్దో ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? ఇంటి పెద్దలు చేసింది మర్యాద. ఆయన చేసిందేమిటి? మా అమ్మ ఇచ్చిన టీ తాగకుండా పోవడం. కారు తీసుకోకపోతే మానె, గ్లాసు అమ్మ చేతికి ఇవ్వచ్చుగా. కోపం మీద గ్లాసు ఎక్కడ పెట్టాడో కూడా చూసుకోనివాడు ఇంజను ఏం విప్పుతాడు!

తాత ఆ చెప్పులు మళ్లీ తొడగలేదు. శాల వాసానికి తగిలించేశాడు. పొద్దున్నే అంబలి గిన్నె పట్టుకుని కారులో కుడివైపు, ఆ దూదిసీటులో కూర్చుని, రెండో చెయ్యి స్టీరింగు మీద వేసుకుని తాగేవాడు. ఒక్కోసారి నన్ను పిలిచేవాడు. "రా గుంటా, కూకో."

"నడిచినప్పుడే కూర్చుంటాను" అనేదాన్ని.

"మొండిగుంట" అని మామ్మతో చెప్పేవాడు. "నా పోలికే." అందులో కోపం ఉండేది కాదు. ఆయన తరవాత నాన్నా, మామ్మా, అమ్మా కూడా వెళ్లిపోయారు. ఎడమ సీటులో నేను కూర్చోలేదు. ఇచ్చిన మాట కదిలే కారు గురించి. ఆగిన కారులో కూర్చుంటే ఆ మాట అక్కడితో చెల్లిపోయేది. నేను దాన్ని చెల్లనివ్వలేదు.

విశాఖ కుర్రాడు ఇదంతా కారు పక్కన నేల మీద కూర్చుని విన్నాడు. సింహాద్రికి నాలుగు మాటలు వినే ఓపిక లేదు, వీడికుంది. విన్నాక జేబులోంచి చిన్న చాకు తీసి, నన్ను అడిగి, తలుపు అడుగున ఎవరికీ కనపడనిచోట గోరంత రంగు గీకాడు. ఆకుపచ్చ కింద ఎరుపు కనిపించింది. నేను చూసిన ఇటుకపొడి రంగు కాదు, అంతకన్నా నిండుగా ఉంది.

"చూశారా మేడమ్? మీవాళ్లు దీని మీద ఈ రంగు వెయ్యకపోతే, ఈ గాలికీ వానకీ రేకు ఎప్పుడో తినేసేది. ఇన్నాళ్లూ కాపాడింది ఈ బస్సు రంగే."

తాత వినాల్సిన మాట అది. లారీ వెనక పరిగెత్తిన మనిషి వినాల్సిన మాట. నా చెవిన పడి ఏం ప్రయోజనం? ఇప్పటివాళ్లు దుమ్మునీ సాలెగూడునీ కూడా ఫొటో తీసి, ఇదిగో చెయ్యి పడలేదు చూడండి, అందుకే విలువ అంటున్నారు. మావాళ్లకి చెయ్యి పడకపోతే అవమానం. ఇష్టమైనదాన్ని ముట్టుకోకుండా ఉండడం వాళ్లకి రాదు. ఏది మేలో నన్ను అడిగితే, సీట్లు కోయించడం తప్పు, విసనకర్రలతో విసరడం ఒప్పు అంటాను. ఆ ముసురులో మేమంతా ఒకచోట కూర్చుని ఒక ఇనప వస్తువుకి చెమట పట్టినట్టు విసరడం తలుచుకుంటే, ఆ వాసన, కిరసనాయిలూ రంగూ చుట్టపొగా కలిసిన వాసన, ఇప్పటికీ నా ముక్కుకి తగులుతుంది. ఈ ఇంట్లో అందరం కలిసి చేసిన పని మళ్లీ ఏదీ గుర్తులేదు.

సీట్ల సంగతి అడిగితే వాసం మీంచి తాత చెప్పులు దింపి చూపించాను. తోలు ఎండి చెక్కలా అయింది గానీ అడుగున రంగు నిలిచే ఉంది. కొత్తసీట్లకి ఆ రంగు చూసి తోలు తెప్పిస్తానన్నాడు. కారు ఇవ్వడానికి ఒప్పుకున్నాను, ఒక చెప్పు కూడా ఇచ్చాను. రెండోది ఇవ్వలేదు. టీ ఇస్తానంటే "ఏం వద్దు మేడమ్" అన్నాడు. తెచ్చి ఇచ్చాను. మొత్తం తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూస్తుంటే నా చేత్తో అందుకున్నాను. ఒక మచ్చ చాలు.

కారు తీసుకెళ్లే రోజున సింహాద్రి కూడా వచ్చాడు. కుర్రాడు తెచ్చిన పాత టైర్లు తొడిగి, రాళ్లు తీసి, వీధిలో వెనక వాలుబల్ల దించి పెట్టిన లారీ దాకా నెట్టుకెళ్లాలి. "ఎవరైనా స్టీరింగ్ పట్టుకోవాలి" అన్నాడు కుర్రాడు.

"అక్కా, నువ్వు కూకో" అన్నాడు సింహాద్రి, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

"అది తాత సీటు. నాది ఎడమది."

"స్టీరింగు అటుంటే ఇటు కూకుని ఏటి సేస్తావే?"

"కూకుంటాను" అన్నాను.

కుర్రాడు వెళ్లి తాత సీటులో కూర్చున్నాడు. నేను చుట్టూ తిరిగి వెళ్లి తామరపువ్వు తలుపు తీశాను. దూది ఎలకలు తినగా మిగిలిందే, బట్ట చీకిపోయింది, అడుగున తీగ ఒకటి గుచ్చుకుంటోంది. సీటు బాలేదని చెప్పాను. సింహాద్రీ, లారీతో వచ్చినవాళ్లూ వెనక నుంచి నెట్టారు. కారు కదిలింది. శాల గడప దాటింది, మామ్మ కూర్చునే చోటు దాటింది, నేను చెంబు పట్టుకు నిలబడ్డ గుమ్మం నా పక్కనుంచి వెనక్కి వెళ్లింది.

లారీ దగ్గర ఆగాక దిగమన్నారు. దిగలేదు. "మేడమ్, ఇప్పుడు ఇనపతాడుతో పైకి లాగుతామండీ" అన్నాడు కుర్రాడు. లాగమన్నాను. అది కదలడమే కదా. వాడు ఒక్కసారి నా మొహం చూసి, నవ్వు ఆపుకుని, "మేడమ్‌తో సహా, నెమ్మదిగా లాగండి" అని కేకేశాడు. కారు ముక్కు పైకెత్తి, కిర్రుమంటూ, లారీ ఎక్కింది. అక్కడి నుంచి మా పెంకుల కప్పు, పక్కింటి పెరడు, రాజాం వెళ్లే రోడ్డు మలుపు కనిపించాయి. కింద వీధిలో సింహాద్రి చేతులు నడుముకి పెట్టుకుని, బట్టతల ఎండకి మెరుస్తుండగా, మెడ పైకెత్తి నన్ను చూస్తున్నాడు.

నేను వాడి వైపు తిరిగి నాలుక బయటపెట్టాను.